మోటుపల్లి నుంచి కల్హాత్ దాకా

ఈ ఏటి ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి పంపవలసిందని సంఘం కార్యదర్శిగారు ఫోను చేసిన సమయానికి మేము మస్కట్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో, ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాము. బొటనవ్రేళ్ళు రెండూ వాచాయి, మడమల మీద బొబ్బలు లేచాయి. ఏ విషయం మీద వ్రాయమంటారని అడిగితే "మీరు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటారు కదా మాస్టారూ, తిరిగినదే వ్రాయండి" అన్నారాయన. సరే, ఆ కాళ్ళు ఎందుకు వాచాయో, దాని వెనుక ఉన్న ఏడువందల ఏళ్ళ నాటి కథ ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం.

మాది మలేషియాలో మూడవ తరం. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి కంగాణి వెంట వచ్చి బాగాన్ డాతో ప్రాంతంలో కొబ్బరి తోటలో చేరారు. మా నాన్నగారు ఆ తోటలోనే పెరిగి, కొబ్బరి వలిచి, ఎండబెట్టి మమ్మల్ని చదివించారు. మేము ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పిల్లలకు చరిత్ర, భూగోళం మలయ్ భాషలో చెప్పాము. తెలుగు మాట్లాడడం ఇంట్లో వచ్చింది గాని, చదవడం, వ్రాయడం మాత్రం పెద్దయ్యాక సంఘం వారి సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్నదే. కనుక ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు తప్పితే చదువరులు మన్నించాలి. ప్రయాణమంటే మాత్రం మాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. "మీ నాయనకు కాళ్ళకు చక్రాలున్నాయి" అని మా ఇంటావిడ పిల్లలతో అంటూ ఉంటుంది. ఉద్యోగం నుంచి విరమించిన తరువాత ఆ చక్రాలు ఇంకా జోరుగా తిరుగుతున్నాయి.

అల్లుడికి మస్కట్‌లో ఉద్యోగం కాబట్టి ఒక డిసెంబరు నెలంతా మేము ఒమాన్ దేశంలో గడిపాము. వెళ్ళేటప్పుడు పెట్టెలో ఒక పుస్తకం పెట్టుకొన్నాము. అది ఇబ్న్ బతూతా యాత్రా గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం. ఈయన మొరాకో దేశంలోని తంజా పట్టణంలో 1304లో పుట్టాడు. 1325లో మక్కా యాత్రకని ఇల్లు వదిలి, ఇరవై నాలుగేళ్ళ తరువాత గాని మళ్ళీ సొంత దేశం చేరలేదు. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు, దేవగిరి చూశాడు, మలబారు తీరం, మాల్దీవులు, సింహళం, సుమత్రా, చైనా అన్నీ తిరిగాడు. చివరికి 1355లో తన కథనంతా చెప్పి వ్రాయించాడు. ఇండియాకు రాకముందు, 1330 ప్రాంతంలో, ఆయన ఒమాన్ తీరం వెంట ప్రయాణం చేశాడు. ఆ దారినే కొంత మేర వెళ్ళి చూడాలని మా కోరిక.

ముందుగా దక్షిణాన ఉన్న సలాలాకు విమానంలో వెళ్ళాము. ఇబ్న్ బతూతా చూసిన జఫార్ పట్టణపు శిథిలాలు అక్కడ సముద్రపు ఒడ్డున అల్ బలీద్ అనే చోట ఉన్నాయి. మాకు శిథిలాల కంటే ముందు కంటికి కనిపించినవి కొబ్బరిచెట్లు. రోడ్డు పక్కన వరుసగా చిన్న చిన్న దుకాణాలు, అరటి గెలలు, బొప్పాయిలు, కొబ్బరి బొండాలు! అరేబియా అంటే ఇసుక, ఒంటెలు, ఖర్జూరం అనుకుని వచ్చిన మాకు బాగాన్ డాతో తోట ఎదురైనట్లయింది. బొండం కొట్టే అబ్బాయి కత్తి పట్టిన తీరు చూసి మా ఇంటావిడ "అచ్చం మామయ్యగారి లాగే కొడుతున్నాడు" అన్నది.

ఇబ్న్ బతూతాకు కూడా ఇది వింతగానే తోచింది. కొబ్బరి, తమలపాకు ఇండియాలోను, ఈ జఫార్‌లోను తప్ప మరెక్కడా లేవని వ్రాశాడు. కొబ్బరికాయ మనిషి తల లాగా ఉంటుందట, దానికి రెండు కళ్ళు, ఒక నోరు, పైన జుట్టు కూడానట. ఇక తమలపాకు గురించి చెబుతూ, ఇండియాలో ఇంటికి వచ్చిన వానికి అయిదు ఆకులు ఇస్తే లోకమంతా ఇచ్చినట్లే భావిస్తారని అంటాడు. ఆకు, వక్క, సున్నం ఎలా కలిపి నములుతారో కూడా వివరించాడు. మన పెళ్ళిళ్ళలో తాంబూలం ఇచ్చేటప్పుడు ఈ మాట గుర్తు చేసుకోదగినది. ఈ రేవు నుంచే గుర్రాలను ఇండియాకు ఓడలలో పంపేవారనీ, గాలి అనుకూలిస్తే నెల రోజుల ప్రయాణమనీ, ఇక్కడివారు తినే బియ్యం ఇండియా నుంచే వచ్చేదనీ కూడా ఆయనే చెప్పాడు.

జఫార్ నుంచి ఆయన ఒక చిన్న ఓడ ఎక్కాడు. ఓడ యజమాని మసీరా అనే ద్వీపంవాడు. ఆ ఓడలో ఒమాన్ వర్తకులు వండిన ఒక వంటకం తిన్నానని, అటువంటిది ముందూ వెనుకా తినలేదని వ్రాశాడు. అది ఏమిటో కాదు, పిండి కొట్టకుండా జొన్నలను అలాగే ఉడకబెట్టి, ఖర్జూరపు పాకం పోసినది. మా అమ్మాయి ఒకరోజు మస్కట్ బజారులో జొన్నలు, ఖర్జూరపు పాకం కొని తెచ్చి చేసి పెట్టింది. జొన్నలు రాత్రంతా నానబెట్టకపోతే పళ్ళు ఊడతాయి సుమా! నానబెడితే మాత్రం బాగుంటుంది.

ఆ ఓడలోనే ఖిజ్రు అనే ఇండియా దేశపు హాజీ ఒకడు ఉన్నాడు. ఖురాను కంఠస్థంగా వచ్చినవాడు, చక్కగా వ్రాయగలవాడు కనుక అందరూ అతనిని మౌలానా అని పిలిచేవారట. దారిలో పెద్ద తుఫాను వచ్చింది. వారి కళ్ళ ముందే మరొక ఓడ మునిగిపోయి, ఒక్క మనిషి మాత్రం ఈదుకుని బయటపడ్డాడు. ఈ ఖిజ్రు దుప్పటి తలమీదుగా కప్పుకుని నిద్రపోతున్నట్లు పడుకున్నాడు. గాలివాన తగ్గాక "ఏం చూశావు మౌలానా?" అని ఇబ్న్ బతూతా అడిగితే అతను చెప్పిన సమాధానం మాకు ఎంతో నచ్చింది. ప్రాణాలు తీసుకుపోయే దూతలు వచ్చారా లేదా అని మాటిమాటికీ కళ్ళు తెరిచి చూశాడట. వాళ్ళు కనబడకపోతే, ఎవరైనా మునగవలసి ఉంటే వాళ్ళు వచ్చే ఉండాలి కదా అని ధైర్యం తెచ్చుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేవాడట. ఈ ఖిజ్రును చదువరులు గుర్తు పెట్టుకోవాలి.

ఓడ సూర్ రేవు చేరింది. అక్కడి నుంచి చూస్తే కొండవాలు మీద కల్హాత్ పట్టణం దగ్గరలో ఉన్నట్లే కనిపించింది. ఓడలో వారి సాంగత్యంతో ఇబ్న్ బతూతాకు విసుగెత్తింది కాబోలు, నడిచిపోతే సాయంత్రానికి చేరవచ్చునని ఎవరో చెప్పగా, ఒక నావికుణ్ణి దారి చూపడానికి కుదుర్చుకొని బయలుదేరాడు. తోడు ఖిజ్రు ఒక్కడే. మంచి బట్టలు కొన్ని దారి చూపేవాడి చేత మోయించాడు, చేతిలో తాను ఒక బల్లెం పట్టుకొన్నాడు.

కొంత దూరం పోయాక సముద్రపు నీరు లోపలికి వచ్చే ఒక పాయ అడ్డమైంది. దారి చూపేవాడు బట్టలతో సహా దిగి దాటబోయాడు. ఇబ్న్ బతూతాకు అనుమానం వచ్చి, బట్టలు ఇక్కడ పెట్టి నీవు ఒక్కడివే దాటు, మేము పైకి పోయి రేవు వెతుక్కుంటామన్నాడు. వాడు వెనక్కి వచ్చేశాడు. అంతలో కొందరు మనుషులు ఆ పాయను ఈదుకుంటూ దాటడం కనిపించింది. నీటిలో ముంచి బట్టలు కాజేయడమే వాడి ఎత్తు అని తెలిసిపోయింది. పైదారి పట్టి పోయేసరికి అంతా ఎడారి, దాహం. దేవుడు పంపినట్లు గుర్రం మీద ఒకడు, వెంట మనుషులు వచ్చి నీళ్ళు పోశారు. ఎంత నడిచినా కల్హాత్ అల్లంతే కనిపిస్తుంది గాని మధ్యలో లోయల మీద లోయలు. చీకటి పడింది. దారి పక్కన తుమ్మజాతి చెట్టు కింద పడుకున్నారు. బట్టలు ఒంటికి అంటిపెట్టుకుని, బల్లెం చేతిలో పట్టుకుని ఇబ్న్ బతూతా తెల్లవార్లూ మేలుకొనే ఉన్నాడు. ఖిజ్రు, ఆ దొంగ ఇద్దరూ హాయిగా నిద్రపోయారు!

మరునాడు కల్హాత్ చేరేసరికి ఆయన కాళ్ళు చెప్పులలో ఇరుక్కుని వాచి, గోళ్ళ కింద నుంచి రక్తం చిమ్మేంత పనయింది. కోట ద్వారపాలకుడు వారిని తిన్నగా అమీరు దగ్గరకు తీసుకువెళ్ళాడు. అమీరు మంచివాడు, ఆదరించాడు. కాళ్ళ నొప్పుల వల్ల ఆరు రోజులు అక్కడే ఉండిపోయాడు.

ఇదీ సంగతి. ఇక మా సంగతి. సూర్ నుంచి కల్హాత్ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు, మంచి రోడ్డు, కారులో పావుగంటలో పోవచ్చు. "మామయ్యగారూ, ఎండ తక్కువే గాని నేలంతా రాళ్ళండీ, వద్దు" అని అల్లుడు చెబుతూనే ఉన్నాడు. మేము వినకుండా, చివరి అయిదారు కిలోమీటర్లైనా నడుస్తామని పట్టుబట్టి దిగాము. మా వెంట పన్నెండేళ్ళ మనుమరాలు. అల్లుడు కారు మెల్లగా నడుపుకుంటూ ముందు పోయి ఆగుతూ ఉన్నాడు. మా దగ్గర బల్లెం లేదు, గొడుగు ఉన్నది. బట్టలు దొంగిలించేవాడూ లేడు. అయితే మేము వేసుకున్నవి మస్కట్‌లో కొన్న కొత్త తోలు చెప్పులు. కొత్త చెప్పులతో దూరం నడవరాదని బడిలో ఎన్నిసార్లు పిల్లలకు చెప్పామో లెక్క లేదు. రెండవ కిలోమీటరులో మడమ కోసుకుంది, మూడవదానిలో పట్టె తెగింది. రాళ్ళు కత్తుల్లా ఉన్నాయి. మనుమరాలు ముందుకు పరిగెత్తి, వెనక్కి వచ్చి "తాతయ్యా, ఆయన కూడా ఇలాగే ఏడ్చాడా?" అని అడిగింది. మేము ఏడవలేదని ఇక్కడ స్పష్టంగా వ్రాస్తున్నాము.

అయితే ఒకటి మాత్రం కాళ్ళతోనే తెలిసింది. దూరం నుంచి దగ్గరగా కనిపించే ఊరు నడిచేవాడిని ఎలా మోసం చేస్తుందో పుస్తకంలో చదివినప్పుడు మాకు అర్థం కాలేదు. కొండకూ సముద్రానికీ మధ్య నేల పైకి చదునుగా కనిపిస్తుంది. దగ్గరకు పోతే నిలువునా కోసినట్లు లోయ. దిగి ఎక్కితే మరొకటి.

నేటి కల్హాత్‌లో నిలిచి ఉన్నది ముఖ్యంగా ఒక్క కట్టడం. బీబీ మర్యం గోరీ అంటారు. పైనున్న గుమ్మటం కూలిపోయింది, నాలుగు గోడలు, కమానులు మిగిలాయి. మేము వెళ్ళిన రోజు కంచె బయట నుంచే చూడవలసివచ్చింది. చుట్టూ కొండవాలంతా పడిపోయిన ఇళ్ళ రాళ్ళే. ఒకనాడు ఇది హొర్ముజ్ రాజ్యానికి రెండవ ముఖ్య పట్టణం. బీబీ మర్యం కట్టించిన మసీదు గోడలకు రంగు పలకలు అతికించి ఉండేవనీ, అది ఎత్తున నిలిచి రేవును చూస్తూ ఉండేదనీ ఇబ్న్ బతూతా వ్రాశాడు. ఆ మసీదు పునాదులను ఫ్రెంచి పురాతత్త్వ శాస్త్రజ్ఞులు తవ్వి తీశారు. ఊరంతటా చైనా, ఇండియా, ఇరాను దేశాల కుండపెంకులు దొరికాయి. భూకంపం సగం పాడుచేస్తే, 1508లో పోర్చుగీసు నాయకుడు ఆల్బుకెర్క్ వచ్చి మిగతాది తగలబెట్టాడు. ఈ పేరు మన మలేషియా పిల్లలకు కొత్తది కాదు. మూడేళ్ళ తరువాత 1511లో మలక్కాను పట్టుకొన్నవాడు ఈయనే. 2018లో యునెస్కో కల్హాత్‌ను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

కల్హాత్ జనం మాట్లాడే తీరు గురించి ఇబ్న్ బతూతా ఒక చమత్కారం చెప్పాడు. వాళ్ళు అరబ్బులే గాని ప్రతి మాటకూ చివర "లా" అని చేరుస్తారట. తింటావు లా, నడుస్తావు లా, అలా చేస్తావు లా! అరబ్బీలో లా అంటే లేదు, కాదు అని అర్థం. ఇది చదివి మేము ఎంత నవ్వామో చెప్పలేము. ఇపోలో గాని, క్లాంగులో గాని మన పిల్లలు ఏ భాష మాట్లాడినా చివర "లా" పడవలసిందే కదా. ఇబ్న్ బతూతా మన వీధికి వచ్చి ఉంటే ఏమని వ్రాసేవాడో.

అక్కడ తిన్న చేప వంటిది ఏ దేశంలోనూ తినలేదనీ, మాంసం మానేసి అదే తిన్నాననీ కూడా వ్రాశాడు. చేపను ఆకుల మీద కాల్చి, అన్నం మీద పెట్టి తినేవారట. ఆ బియ్యం ఇండియా నుంచి వచ్చినవే.

ఇప్పుడు మరొక యాత్రికుని సంగతి చెప్పాలి. వెనిస్ నగరపు మార్కో పోలో 1271లో బయలుదేరి 1295లో ఇల్లు చేరాడు. 1298 ప్రాంతంలో జెనోవా చెరసాలలో ఉండగా తన అనుభవాలు తోటి ఖైదీకి చెప్పి వ్రాయించాడు. ఆ పుస్తకంలో కలాతు అనే పేరుతో ఇదే కల్హాత్ ఉన్నది. రేవు చాలా పెద్దది, ఇండియా సరుకులతో ఓడలు వస్తాయి, ఇక్కడి నుంచి మంచి అరబ్బీ గుర్రాలు ఇండియాకు పోతాయి, జనం ఖర్జూరం, ఉప్పుచేప తిని బ్రతుకుతారు అని వ్రాశాడు. గుర్రాలు దిగే పాండ్య దేశం సంగతి చెబుతూ, అక్కడి రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ అంటాడు. సాకడం తెలియక గుర్రాలకు ఉడికించిన అన్నం పెట్టేవారట! గుర్రపు వైద్యులను వర్తకులు కావాలనే రానిచ్చేవారు కారట, గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం.

అదే పుస్తకంలో, కొన్ని పుటల తేడాలో, ముత్ఫిలి అనే రాజ్యం వస్తుంది. అదే మన మోటుపల్లి. దానిని ఒక రాణి ఏలుతున్నదనీ, ఆమె న్యాయం, శాంతి ప్రేమించే మనిషి అనీ, భర్త పోయిన నలభై ఏళ్ళుగా రాజ్యాన్ని ఆయన కంటే మిన్నగా నడిపిందనీ వ్రాశాడు. సాలెగూడు వంటి సన్నని బట్టలు, వజ్రాలు, ఆ వజ్రాల లోయలో పాములు, మాంసపు ముక్కలు ఎత్తుకుపోయే గ్రద్దలు అన్నీ చెప్పాడు. రాణి అంటే రుద్రమదేవియే. కాని ఆమె గణపతిదేవుని భార్య కాదు, కూతురు. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించింది. మార్కో పోలో చైనా వదిలి ఓడ ఎక్కింది ఆ తరువాతనే. కాబట్టి రేవులలో, ఓడలలో విన్నమాటను ఆయన పుస్తకానికి ఎక్కించాడని మా అభిప్రాయం. అయినా ఓడలలో మనుషులు ఒక తెలుగు రాణి గురించి మంచిగా చెప్పుకొనేవారన్నది చిన్న విషయం కాదు.

మోటుపల్లికి మేము పదేళ్ళ కిందట వెళ్ళాము. ఇది ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. అసలు వెళ్ళింది తాతగారి ఊరు వెతకడానికి. తోట రిజిస్టరులో గుమాస్తా ఇంగ్లీషులో వ్రాసిన ఊరిపేరు మూడు విధాలుగా చదవవచ్చు. శ్రీకాకుళం వైపు ఆ మూడు విధాలకు సరిపోయే మూడు ఊళ్ళకూ పోయాము. ప్రతి ఊళ్ళోను మజ్జిగ ఇచ్చారు, ఇంటిపేరు అడిగారు, పెద్దవాళ్ళను పిలిచి కనుక్కున్నారు. ఎవరికీ మా వాళ్ళు తెలియలేదు. ఆ దిగులుతో తిరిగి వస్తూ, చరిత్ర మాస్టారుకు ఏదో ఒకటి దొరకాలి కదా అని మోటుపల్లిలో దిగాము. చిన్న పల్లె. చేపల పడవలు, ఇసుక, పాత గుళ్ళు. వీరభద్రస్వామి గుడి మండపంలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం స్తంభం మీద ఉన్నది. సాయంకాలపు తరగతిలో నేర్చిన అక్షరాలతో ఆ స్తంభం మీది అక్షరం ఒక్కటీ పోల్చుకోలేకపోయాము. అర్థం తరువాత పుస్తకంలో చదువుకొన్నాము.

తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు, అంటే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ, పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే గొప్పదని తలచి సముద్రం మీద అంత సాహసం చేసేవారి మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఎగుమతికైనా, దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి. తరువాత చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడాలు, మిరియాలు అంటూ సుంకాల పట్టిక. ఒమాన్‌లో జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీల నుంచి పన్నీరు తీసే పొయ్యిలు చూసినప్పుడు మాకు ఈ పట్టికే గుర్తుకు వచ్చింది.

తుఫాను భయం రాజుకు తెలిసింది, రాతి మీదికి ఎక్కింది. ఆ ఓడలలో పనిచేసిన తెలుగువాడు ఒక్కడైనా తన మాట వ్రాసి ఉంటే ఎంత బాగుండేది! మనవాళ్ళలో యాత్ర చేసి వ్రాసినవాడంటే ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి పల్లకీలో, సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయలుదేరి, పదిహేను నెలల తరువాత తిరిగి వచ్చారు. మజిలీలు, నీటి వసతి, ధరలు, మనుషులు అన్నీ వ్రాసి పెట్టారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఇంటి దగ్గరి యాత్రే. కాని సముద్రం దాటిన కూలివాడికి పల్లకీ లేదు, కలం లేదు.

మస్కట్‌లో ఒక కూడలిలో సొహార్ అనే ఓడను నిలబెట్టి ఉంచారు. టిమ్ సెవెరిన్ అనే ఐర్లండు నివాసి, పాతకాలపు అరబ్బు ఓడ మేకులు లేకుండా చైనా దాకా పోగలదా అని చూడడానికి దీనిని సూర్‌లో కట్టించాడు. పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టారు. 1980 నవంబరులో మస్కట్ వదిలి, మలబారు, సింహళం మీదుగా పోయి, గాలి లేక వారాల తరబడి నడిసముద్రంలో నిలిచిపోయి, తెరచాప కట్టే పెద్ద దూలం విరిగి, చివరికి మలక్కా జలసంధి దాటి 1981 జూలైలో కాంటన్ చేరింది. మా నాన్నగారు ఆ రోజులలో బాగాన్ డాతోలో, అదే జలసంధి ఒడ్డున ఉన్నారు. ఆ ఓడ పలకల మధ్య కుట్లను వేలితో తాకి చూశాము. పీచు గట్టిగానే ఉన్నది.

ఆ రాత్రి కాళ్ళు బకెట్టులో పెట్టుకున్నప్పుడు మా మనస్సు ఖిజ్రు మీదికే పోయింది. అతను ఇండియాలో ఏ ఊరివాడో ఇబ్న్ బతూతా చెప్పలేదు. అదే తుఫానులో ఉన్నాడు, అదే రాళ్ళ మీద నడిచాడు, దారిలో జబ్బు కూడా పడ్డాడు. చక్కగా వ్రాయగలవాడు కూడా. కాని మనకు దక్కినది రెండవవాడి కాళ్ళ వాపు గురించి మాత్రమే.

మా తాతగారికి వ్రాయడం రాదు. మద్రాసు నుంచి పెనాంగు వచ్చిన ప్రయాణం గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మా నాన్నగారు అప్పటికి అయిదేళ్ళవాడు. ఆయన చెప్పినవి నాలుగు మాటలు. ఆవడి డిపోలో టీకా వేశారు. ఓడ అడుగున పశువులు ఉండేవి. ఒక రాత్రి పెద్ద గాలి వచ్చినప్పుడు అమ్మ నన్ను చీరకొంగుతో నడుముకు కట్టుకుంది. తెల్లవారి ఎవరో ఉల్లిపాయ చేతిలో పెట్టారు.

కార్యదర్శిగారి ఫోను పెట్టేశాక మనుమరాలిని పిలిచి ఈ నాలుగు మాటలు తెలుగులో వ్రాయించాము. దానికి ఇంకా గుణింతాలు తడబడతాయి. "ఓడ" అని వ్రాయడానికి రెండుసార్లు కొట్టివేసింది. వ్రాయడం అయ్యాక పెన్ను పట్టుకుని అలాగే కూర్చుని "అమ్మ అంటే ఎవరు తాతయ్యా? పేరు వ్రాయాలి కదా" అన్నది. మా నాయనమ్మ మేము పుట్టకముందే పోయింది. అందరూ అవ్వ అనే అనేవారు. తెలుక్ ఇంతాన్‌లో ఉన్న మా అక్కయ్యకు డెబ్బై తొమ్మిదేళ్ళు, ఆమె అవ్వను చూసింది. అక్కడ అప్పటికి రాత్రి పదకొండు దాటింది. అయినా ఫోను చేశాము. నాలుగవ గంటకు ఎత్తింది.